మందు తగ్గించి ఎదురుచూసిన ఐదు రోజులు

మూర్ఛకు మందు వేసుకుంటే తగ్గుతుంది. ఎవర్నడిగినా ఇదే చెబుతారు. కానీ మందు తగ్గించి, కెమెరా పెట్టి, మూర్ఛ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం కూడా వైద్యంలో భాగమేనని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ ఆ మాట అన్నప్పుడు మా నాయినకు కోపమొచ్చింది.

"పదమూడేండ్ల సంది ఒక్క పూట గోలీ తప్పనీయలే మేడం. పెండ్లికి పోయినా జేబుల పెట్టుకొని పోయినం. ఇప్పుడు మీరే తగ్గిస్తమంటరా?"

"ఇక్కడ, మా కళ్లముందు తగ్గిస్తాం. ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే ఒక్కటి కూడా తప్పనీయొద్దు" అందామె.

ఒకే మందు. ఇంట్లో తప్పితే ప్రమాదం, ఆసుపత్రిలో తగ్గిస్తే పరీక్ష. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా తమ్ముడి పుణ్యమా అని ఆ సంగతేంటో తెలుసుకున్నాను. ఫిట్స్ ఉన్నవాళ్లకీ, వాళ్ల పక్కన ఉండేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

పడిపోని ఫిట్స్

ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడం, నోట్లో నురగ. సినిమాల్లో చూపించేది అదే. మా తమ్ముడికి వచ్చేది అలా ఉండదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. కళ్లు తెరిచే ఉంటాయి గానీ చూపు మన మీద ఉండదు. పెదాలు చప్పరిస్తాడు. చొక్కా గుండీని పట్టుకుని లాగుతుంటాడు. నిమిషమో, నిమిషంన్నరో. ఆ తర్వాత "ఏమైందక్కా?" అంటాడు. అంతే.

చూసేవాళ్లకు పరధ్యానంలా ఉంటుంది. స్కూల్లో టీచర్లు అలాగే అనుకున్నారు. పదకొండేళ్లప్పుడు మొదలైన ఈ సంగతి ఫిట్సేనని తేలేసరికి ఏడాది గడిచింది.

మాది నల్గొండ వైపు పల్లె. నాకు ఉద్యోగం వచ్చాక ఎల్బీ నగర్‌లో ఇల్లు తీసుకున్నాం. డిగ్రీ అయ్యాక తమ్ముడు గ్రూప్స్ కోచింగ్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లో చేరాడు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటాక మూడో స్టేషనే. ఐదారు నిమిషాల ప్రయాణం. కొన్నిసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాల్సినవాడు మలక్‌పేటలో తేరుకునేవాడు. ఫోన్ చేసి "ఏడికొచ్చిన్నో తెలుస్తలేదక్కా, ఆగు బోర్డు చూసి చెప్తా" అనేవాడు. ప్లాట్‌ఫామ్ అంచుల గురించి ఆలోచిస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు తెలుసు, అక్కడ అందరి పెట్టుబడీ జ్ఞాపకశక్తే. తేదీలు, ఆర్టికల్స్, నదులు, పథకాలు. పొద్దున చదివింది సాయంత్రానికి నిలవాలి. మావాడికి ఫిట్స్ వచ్చిన రోజు చదివింది చదివినట్టే పోయేది. అయినా మళ్లీ మొదట్నుంచి చదివేవాడు.

మందులు మూడు మారాయి. మొదట కార్బమజెపిన్, తర్వాత దానికి లెవెటిరసెటమ్ తోడు, ఆ తర్వాత క్లోబజామ్. తగ్గినట్టే తగ్గి, నెలకు నాలుగైదు మాత్రం మానలేదు.

ప్రపంచంలో మూర్ఛ ఉన్నవాళ్లు సుమారు 5 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలోనే కోటి మందికి పైగా ఉంటారని అంచనా. వీళ్లలో ఎక్కువమందికి మందులతోనే ఆగిపోతుంది. దాదాపు మూడోవంతు మందికి మాత్రం ఆగదు. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అనాలని అంతర్జాతీయ మూర్ఛ నివారణ సంఘం 2010లో నిర్వచించింది. ఆ గీత దాటాక మూడో మందో, నాలుగో మందో పనిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరే. ఈ ఫిట్స్ మెదడులో ఒకే చోట పుడుతున్నాయా? పుడుతుంటే ఆ చోటు ఎక్కడ? దాన్ని తీసేయొచ్చా?

జామ్ కనిపిస్తుంది, ఆగిన బండి కనిపించదు

ఈ "ఎక్కడ" అన్నదే అసలు చిక్కు.

తలమీద వైర్లు అతికించి తీసే ఈఈజీ అందరికీ తెలిసిందే. జర్మన్ డాక్టర్ హన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలను రికార్డు చేశాడు. ఐదేళ్ల తర్వాత, 1929లో లోకానికి చెప్పాడు. ఇన్నేళ్లయినా ఆ పరీక్షకున్న ఇబ్బంది ఇంకా ఉంది. మెదడులో పుట్టిన కరెంటు పొరలు, పుర్రె, చర్మం దాటి పైకొచ్చేసరికి పలచబడి, చెదిరిపోతుంది. లోతుగా ఉన్న భాగంలో ఏం జరుగుతోందో పైకి సరిగ్గా వినబడదు.

సాయంత్రం ఆరున్నరకు కొత్తపేట దగ్గర బస్సులో ఇరుక్కున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు బండ్లు, వెనక బండ్లు, అన్నీ ఆగే ఉంటాయి. అసలు ఏ బండి ఆగిపోయిందో మనకు కనిపించదు. అది చైతన్యపురిలోనో, దిల్‌సుఖ్‌నగర్ బస్ స్టాండ్ ముందో ఉండొచ్చు. మనం చూసేది జామ్ తోకని.

మావాడి ఈఈజీలో ముల్లులా పైకి లేచే గీతలు రెండు పక్కలా కనిపించాయి. వాటిని స్పైక్స్ అంటారు. ఎడమ కణత దగ్గర ఎక్కువ, కుడి వైపు కొద్దిగా. మొదట తీసిన ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. తర్వాత మూర్ఛ కోసమే ప్రత్యేకంగా తీసిన ఎమ్మారైలో ఎడమవైపు హిప్పోక్యాంపస్ కుడిదానికన్నా కాస్త చిన్నగా ఉన్నట్టుంది అన్నారు. "ఉన్నట్టుంది" అన్న మాట మీద తల తెరవరు కదా.

ఫిట్స్ వచ్చే క్షణాన్నే రికార్డు చేస్తే తప్ప తేలదు. నెలకు నాలుగైదు వచ్చే మనిషికి ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజుల్లోనే ఎలా వస్తాయి? అందుకే మందు తగ్గించడం.

ఐదు రోజులు

నగరంలోనే ఒక పెద్ద ఆసుపత్రి. గదిలో రెండు కెమెరాలు. తల నిండా వైర్లు, వాటి మీద తెల్లటి కట్టు. చేతికి సెలైన్ సూది సిద్ధంగా పెట్టి ఉంచారు. ఫిట్స్ పెద్దదై ఆగకపోతే ఆ దారిలో వెంటనే మందు ఎక్కించడానికి. మంచం పక్కన ఒక బటన్. తేడా అనిపించిన వెంటనే ఇంటివాళ్లం నొక్కాలి.

మొదటి రోజు మోతాదు కొంచెం తగ్గించారు. రెండో రోజు ఇంకొంచెం. రాత్రి ఆలస్యంగా పడుకోనిచ్చారు, ఎందుకంటే నిద్ర తక్కువైనా మెదడు గట్టు తెగుతుంది. అమ్మ మంచం పక్కన కూర్చుని వాడి మొహం వైపే చూస్తుండేది. ఫిట్స్ రాకూడదని పదమూడేళ్లు మొక్కిన మనిషి, ఇప్పుడు వస్తే బాగుండు అనుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమో ఆమెను చూస్తే తెలిసేది. "వస్తే బాధ, రాకుంటే పైసల్ దండుగ. గిదేం పరీక్ష బిడ్డా" అంది నాతో.

రెండో రోజు రాత్రి మొదటిది వచ్చింది. గుండీ దగ్గరికి చెయ్యి వెళ్లగానే అమ్మ బటన్ నొక్కింది. సిస్టర్ పరుగెత్తుకొచ్చి, వాడితో మాట్లాడటం మొదలుపెట్టింది. "నీ పేరేంటి?" జవాబు లేదు. "పచ్చ గుర్రం. గుర్తుపెట్టుకో, పచ్చ గుర్రం." ఒక పెన్ను చూపించింది. "ఇదేంటి?" వాడు తేరుకున్నాక కూడా పెన్ను వైపు చూస్తూ, "అదే... రాస్తరు గదా... రాసేది" అన్నాడు. పెన్ను అన్న మాట నోటికి రావడానికి మూడు నిమిషాలకు పైనే పట్టింది. పచ్చ గుర్రం అసలు గుర్తే లేదు.

నాకది మామూలు తికమకలా అనిపించింది. డాక్టర్లకు అదే పెద్ద ఆనవాలు. ఎక్కువమందిలో భాష మెదడు ఎడమవైపు ఉంటుంది. ఫిట్స్ అయిపోయాక వస్తువు ఏంటో తెలిసీ పేరు రాకపోతే, అప్పటిదాకా తుఫాను భాష ఉన్న వైపే తిరిగిందని ఒక లెక్క.

నాలుగో రోజు వచ్చింది చాలా పెద్దది. చప్పరించడంతో మొదలై, తల ఓ పక్కకు తిరిగి, ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకున్నాడు. సూది మందు ఇచ్చి ఆపారు. అమ్మ ఏడుస్తూనే గట్టిగా చెప్పింది, "ఇది వానిది కాదమ్మా. వానికి ఇంట్ల ఎప్పుడూ గిట్ల రాలే."

డాక్టరమ్మ ఆ మాటను కొట్టిపారేయలేదు. రాసుకుంది. మమ్మల్ని కూర్చోబెట్టి వీడియో మొత్తం మళ్లీ చూపించింది. "మొదటి ఇరవై సెకన్లు చూడండి. ఇది ఇంట్లో వచ్చేదేనా?" గుండీ, పెదాలు, చూపు. అవును, అదే. "ఆ తర్వాత పెరిగింది మందు తగ్గించడం వల్ల. మాకు కావాల్సింది పుట్టిన చోటు. అది ఈ ఇరవై సెకన్లలోనే ఉంటుంది."

ఆమె అలా ఎందుకు అడిగిందో తర్వాత తెలిసింది. మందు తగ్గించినప్పుడు వచ్చే ఫిట్స్ ఒక్కోసారి రోజూ వచ్చేవాటిలా ఉండవు. మామూలుగా నిశ్శబ్దంగా ఉండే వేరే చోటు కూడా లేచి మాట్లాడొచ్చు. అందుకే కంప్యూటర్ తెర ఎంత స్పష్టంగా చెప్పినా, ఇంట్లో రోజూ చూసినవాళ్ల నోటితో "ఇది వాడిదే" అనిపించుకోవాలి. నలుగురు డాక్టర్ల గదిలో పదో తరగతి దాటని మా అమ్మ మాట కూడా ఆ లెక్కలో చేరింది.

ఐదు రోజుల్లో నాలుగు వచ్చాయి. నాలుగూ ఎడమ కణత లోపలి నుంచే మొదలయ్యాయి. కుడివైపు నుంచి ఒక్కటీ రాలేదు. మందులు మళ్లీ పూర్తి మోతాదుకు వచ్చాకే ఇంటికి పంపారు.

మత్తులో మెదడు ఏం చెబుతుంది

ఆపరేషన్ మాట వచ్చాక నేను రాత్రుళ్లు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మందుతో మెదడు గొంతు మార్చి వినడం ఇవాళ్టి సంగతి కాదని అప్పుడు తెలిసింది.

అన్నిటికన్నా చిన్న ఉదాహరణ మన వీధి చివర డయాగ్నస్టిక్ సెంటర్లోనే చూడొచ్చు. పసిపిల్లలకు ఈఈజీ తీసేముందు నిద్రమందు సిరప్ పోస్తారు. పిల్ల కదలకుండా ఉండటం ఒక కారణం. మెలకువలో దాక్కున్న స్పైక్స్ నిద్రలో బయటపడతాయన్నది ఇంకో కారణం. అయితే ఏ నిద్రమందు పడితే అది పొయ్యరు. కొన్ని మత్తుమందులు ఫిట్స్‌కి కూడా మందులే. అవి ఇస్తే వెతుకుతున్న స్పైక్స్ కాస్తా మాయమవుతాయి.

1940, 50లలో డాక్టర్లు మెట్రజాల్ అనే మందు ఎక్కించి కావాలనే ఫిట్స్ రప్పించి రికార్డు చేసేవారు. త్వరగా పని అయ్యేది. కానీ అలా వచ్చినవాటిలో కొన్ని రోగి అసలు ఫిట్స్‌లా ఉండేవి కాదు. బెదిరిస్తే ఇచ్చిన వాంగ్మూలం లాంటిది. క్రమంగా ఆ పద్ధతి వాడుక తగ్గిపోయింది.

దీనికి తిరగేసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. బార్బిచ్యురేట్ రకం మత్తుమందు ఇస్తే ఆరోగ్యంగా ఉన్న మెదడు సన్నటి, వేగమైన తరంగాలు పుట్టిస్తుంది. దెబ్బతిన్న చోట అవి సరిగ్గా పుట్టవు. లండన్‌లో పనిచేసిన పాంపిగ్లియోన్ అనే డాక్టర్ 1952లోనే దీని మీద రాశాడు. దీపావళి రాత్రి మేడ మీదికెక్కి చూస్తే వీధంతా దీపాలుంటాయి, ఒక్క ఇల్లు చీకటిగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ ఇల్లు మన కంట పడదు. అందరూ వెలిగించినప్పుడే, వెలగనిది తెలుస్తుంది.

ఇక ఆపరేషన్ గదిలో సంగతి. పుర్రె తెరిచాక, చిన్న చిన్న లోహపు బిళ్లలున్న మెత్తటి పట్టీని నేరుగా మెదడు మీద పరిచి రికార్డు చేస్తారు. మధ్యలో పుర్రె అడ్డం లేదు కాబట్టి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. కానీ రోగి మత్తులో ఉంటాడు. మత్తుమందు ఆ గొంతును మారుస్తుంది. ప్రోపోఫాల్ లాంటివి స్పైక్స్‌ని అణచేయొచ్చు. అందుకే రికార్డు చేసేముందు దాన్ని తగ్గిస్తారు. మెథోహెక్సిటాల్, రెమిఫెంటనిల్, సెవోఫ్లురేన్ లాంటివి స్పైక్స్‌ని పెంచుతాయి. ఆ పెంచే గుణాన్నే వాడుకుని, ఎక్కడ ముందు లేస్తుందో, ఎక్కడ ఎక్కువగా లేస్తుందో చూస్తారు.

అమెరికాలో డెట్రాయిట్ వేన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఐషీ అసానో బృందం ఈమధ్య కాలంలో సెవోఫ్లురేన్ మీద పనిచేసింది. ఆపరేషన్ బల్ల మీదే ఆ మత్తు మోతాదు పెంచుతూ, మెదడు మీద పుట్టే అతివేగ తరంగాలను కొలిచారు. సెకనుకు 80 సార్లకు మించి ఊగే ఆ తరంగాలు మూర్ఛ పుట్టే భాగంలో బాగా పెరిగాయని 2022, 2023లో ప్రచురించారు. వాళ్ల ఆశ ఒక్కటే. ఇప్పుడు కొందరికి పుర్రె తెరిచి పట్టీలు పెట్టి, రోజుల తరబడి ఫిట్స్ కోసం ఎదురుచూసి, మళ్లీ రెండోసారి తెరవాల్సి వస్తోంది. ఆ ఎదురుచూపుని ఒక్క ఆపరేషన్‌లో నిమిషాలకు కుదించగలమా అని. ఐదు రోజులు పక్కన కూర్చున్న అమ్మను చూసినవాళ్లకు ఆ ఆశ విలువ తెలుస్తుంది.

కానీ ఇక్కడా అదే జాగ్రత్త. మత్తు ఎక్కువైతే ఆరోగ్యంగా ఉన్న చోట కూడా స్పైక్స్ లేస్తాయి. వీధిలో అందరూ కేకలేస్తే ఎవరి కేక ముందో చెప్పలేం. మందు ఇప్పించిన సాక్ష్యం సాక్ష్యమే, తీర్పు కాదు.

కత్తిరించే చోట ఏముంది

మన దేశంలో ఈ దారి కొత్తది కాదు. కెనడాలో మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకుని వచ్చిన డాక్టర్ జాకబ్ చాందీ 1949లో వెల్లూరు సీఎంసీలో న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టాడు. 1952లో అక్కడే మూర్ఛకు శస్త్రచికిత్స చేశాడు. మన రాయలసీమవాళ్లు తరతరాలుగా వైద్యానికి వెళ్తున్న రాయవెల్లూరే అది. ఇవాళ అంతదూరం వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్ కిమ్స్‌లో డాక్టర్ సీతా జయలక్ష్మి, డాక్టర్ మానస్ పాణిగ్రాహి బృందం మూర్ఛ ఆపరేషన్లు చేసి, ఫలితాలను వైద్య పత్రికల్లో ప్రచురించింది. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ ఇంకో గొప్ప పని చేసింది. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఆపరేషన్ చేసిన జట్టులో ఏడాది తర్వాత 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్న జట్టులో ఆ సంఖ్య 7 శాతం.

ఈ అంకెలు చూసి నాయిన మెత్తబడ్డాడు. చిక్కు తమ్ముడి దగ్గర వచ్చింది. ఎడమ కణత లోపలి భాగం మాటల జ్ఞాపకానికి నిలయం. చదివింది నిలిచేది, పేర్లు గుర్తొచ్చేది అక్కడే. అది తీస్తే ఫిట్స్ పోవచ్చు. దాంతోపాటు ఏం పోతుంది?

"ఫిట్స్ పోయి చదువు గూడ పోతే, నేనేం జేయాలక్కా?" అన్నాడు ఒక రాత్రి, మేడ మీద. కింద ఎల్బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం జనం. నా దగ్గర జవాబు లేదు. పొద్దున్నే డాక్టర్ని అడిగాం.

ఆమె జవాబు నాకింకా గుర్తుంది. ఇప్పటికే జబ్బుపడి ముడుచుకున్న హిప్పోక్యాంపస్ పెద్దగా పని చేయడం లేదు, కాబట్టి దాన్ని తీసినందువల్ల వచ్చే నష్టం తక్కువగా ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని తీస్తే నష్టం ఎక్కువ. అంటే చోటు సరిగ్గా తెలియడం ఫిట్స్ ఆగడానికే కాదు, మాటలు మిగలడానికి కూడా అవసరం. ఇంత వెతుకులాట అందుకే.

మాటల జాబితా చదివి వినిపించి, అరగంట తర్వాత చెప్పమనే పరీక్ష తెలుగులో చేశారు. మాటల్లో మావాడు బలహీనం, బొమ్మల్లో బాగున్నాడు. ఇదీ ఎడమవైపే వేలు చూపించింది. వెనకటికి భాష ఏ వైపు ఉందో తెలుసుకోవడానికి మెడలోని రక్తనాళంలోకి మత్తుమందు పంపి, సగం మెదడును కాసేపు నిద్రపుచ్చి మాట్లాడించేవారు. 1949లో జపాన్ డాక్టర్ జూన్ వాడా మొదలుపెట్టిన పరీక్ష అది. మావాడికి ఫంక్షనల్ ఎమ్మారైతో సరిపోయింది. భాష ఎడమే.

ఏడాదిన్నర వయసులో జ్వరంతో చాలాసేపు ఫిట్స్ వచ్చాయని అమ్మ చెప్పిన పాత సంగతి, ముడుచుకున్న హిప్పోక్యాంపస్, మందు తగ్గించినప్పుడు వచ్చిన నాలుగు ఫిట్స్, పెన్ను పేరు రాని మూడు నిమిషాలు, మాటల పరీక్ష. ఎవరికి వాళ్లు వేరువేరుగా వచ్చి ఒకే ఇంటి తలుపు చూపించిన సాక్షులు ఇవి. కుడివైపు స్పైక్స్ ఒక్కటే వేరే మాట చెబుతోంది. అది ఎడమనుంచి పాకిన మంటే అయ్యుండొచ్చని, అయినా గ్యారంటీ ఇవ్వలేనని డాక్టర్ చెప్పింది. అంత నిజాయితీగా చెప్పినందుకే తమ్ముడు సంతకం పెట్టాడు. సంతకం వాడే పెట్టాలని నాయిన పట్టుబట్టాడు.

ఆపరేషన్ రోజు మత్తు తగ్గించి, పట్టీ పరిచి, రెండుసార్లు రికార్డు చేశారట. తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి. కణత ముందు భాగంలో లేచిన స్పైక్స్ రెండోసారి కనిపించలేదని చెప్పారు.

ఇప్పుడు

పద్నాలుగు నెలలైంది. ఒక్క ఫిట్ రాలేదు. గోలీలు మానలేదు, రోజూ రెండు పూటలా వేసుకుంటాడు. ఇంకొంత కాలం చూసి, మెల్లగా తగ్గించాలా వద్దా అని ఆలోచిస్తామన్నారు.

నష్టం అసలు లేదని చెప్పను. మాటలు కాస్త ఆలస్యంగా వస్తాయి. మొన్న వంటింట్లోకొచ్చి "అక్కా, అదీయ్... కూర కలిపేది..." అన్నాడు. నేను అందించలేదు. ఆగాను. "గంటె" అన్నాడు, గెలిచినట్టు నవ్వాడు. చదవడానికి కొత్త పద్ధతి పెట్టుకున్నాడు. చదివింది చదివినట్టు కాకుండా, మ్యాపులు, బొమ్మలు గీసుకుని చదువుతున్నాడు. గదిలో గోడలన్నీ నదులే.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గోలీల డబ్బా బట్టల కింద దాచుకుని చదువుకునేవాళ్లు ఇంకెందరో ఉంటారు. పెళ్లికి అడ్డమని, ఉద్యోగానికి అడ్డమని దాస్తారు. పెళ్లి చెల్లకపోవడానికి మూర్ఛ ఒక కారణంగా మన చట్టంలో ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. చట్టం వదిలేసినా మనుషులు వదలడం లేదు.

వాళ్లకు చెప్పేది ఇంతే. రెండు మందులు సరిగ్గా వాడినా ఆగకపోతే, మూర్ఛ ఆపరేషన్లు చేసే చోటికి వెళ్లి "నాది ఎక్కడ పుడుతోంది?" అని అడగండి. మందు తగ్గించే పరీక్ష అక్కడే చేయించుకోవాలి. సొంతంగా రూములో ఒక్క పూట కూడా మానొద్దు. ఆ ఆసుపత్రి గదిలో సూది, సిస్టర్, కెమెరా ఉన్నాయి. మీ రూములో లేవు.

వాళ్ల రూమ్మేట్లకు ఇంకో మాట. తాళాల గుత్తి, ఉల్లిపాయ వద్దు. నోట్లో ఏదీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యండి. చెయ్యి ఖాళీగా ఉంటే ఫోన్ తీసి వీడియో తీయండి, మొదటి క్షణం నుంచి. ఎవరికీ పంపొద్దు, స్టేటస్‌లో పెట్టొద్దు. అతనికి మాత్రం ఇవ్వండి, డాక్టర్‌కి చూపించుకోమని చెప్పండి. ఎందుకంటే తనకు ఫిట్స్ ఎలా మొదలవుతాయో అతనెప్పుడూ చూడలేదు. చూసింది మీరు.